తంతి నుంచి సెల్‌ఫోను దాకా – పేదవాని వంతు

పూర్వం మన పెద్దలు ఒక మనిషి పేదవాడా కాదా అని తెలుసుకోవాలంటే కూడు, గుడ్డ, గూడు – యీ మూడింటినీ చూసేవారు. తరువాతి కాలంలో చదువును, వైద్యాన్ని కూడా ఆ లెక్కలో చేర్చుకున్నాము. ఇప్పుడు ఆరవది ఒకటి వచ్చి చేరినది. చేతిలో పనిచేసే ఫోను, అందులో నెట్టు, దాన్ని వాడుకునే నేర్పు – యివి లేనివాడికి రేషను బియ్యం, పింఛను, పిల్లల స్కాలర్‌షిప్పు వగైరాలు కాగితం మీద హక్కుగా వున్నా చేతికి మాత్రం అందడం లేదు.

బస్తీలో తిరిగేటప్పుడు మేము చూసిన ఒక సంగతి చెబుతాము. ఒక పెద్దావిడ, ముప్పయి ఏళ్ళుగా బీడీలు చుట్టి పిల్లల్ని పెంచిన మనిషి. రేషను షాపులో మెషీను మీద వేలు పెడితే అది ఒప్పుకోలేదు. ఆకు కత్తిరించీ, తంబాకు నలిపీ ఆమె వేళ్ళ మీద గీతలు అరిగిపోయాయి. “నేనేనమ్మా, నన్ను మీరు చిన్నప్పటి నుంచి ఎరుగుదురు కదా” అని డీలరుతో అంటున్నది. డీలరు ఎరుగును. వెనక నిలబడ్డ వాళ్ళంతా ఎరుగుదురు. ఒక్క మెషీను మాత్రం ఎరుగదు. ఆమె కష్టానికి గుర్తు ఏదయితే వుందో అదే ఆమెకు అడ్డం వచ్చినది.

ఈ సంగతి చూసి వచ్చాక మాకు ఒక ప్రశ్న పుట్టింది. కొత్త యంత్రం వచ్చిన ప్రతిసారీ పేదవాడు యిలా గడప బయటే నిలబడ్డాడా? లేక ఎప్పుడయినా లోపలికి రాగలిగాడా? వస్తే ఎలా రాగలిగాడు? దానికి జవాబు వెతుకుతూ మన దేశంలో తంతి కాలం నుంచి నేటి సెల్‌ఫోను దాకా జరిగిన చరిత్రను కొంచెం తిరగవేశాము. అందులో మాకు కనబడినది మీ ముందు పెడుతున్నాము.

తంతి, ట్రంకు కాలు

మన దేశంలో తంతి తీగె మొట్టమొదట 1850–51లో కలకత్తా, డైమండ్ హార్బరుల మధ్య వేశారు. ఓషానెసీ అనే డాక్టరు గారి పూనికతో ఆ పని జరిగినది. 1854లో ప్రజలు కూడా డబ్బు కట్టి తంతి పంపుకోవచ్చునన్నారు. అయితే ఆ తీగె ప్రజల కోసం వేసినది కాదు. ఈస్టిండియా కంపెనీ వారి వ్యాపారానికీ, పరిపాలనకూ వేసుకున్నది. 1857లో తిరుగుబాటును అణచడానికి అది తెల్లవారికి ఎంతగా పనికివచ్చినదో చరిత్ర చదివిన వారందరికీ తెలిసిన విషయమే.

సామాన్యుని ఇంట్లో తంతి అంటే భయం. సైకిలు బెల్లు మోగి “టెలిగ్రాం” అన్న కేక వినబడితే, చదవకముందే ఆడవాళ్ళు ఏడుపు మొదలుపెట్టిన రోజులు మన పెద్దవారికి జ్ఞాపకముండే వుంటాయి. మాటకింత అని లెక్కగట్టి డబ్బు తీసుకుంటారు గనుక చావు కబురుకో, ప్రాణాపాయానికో తప్ప పేదవాడు దాని జోలికి పోలేదు. కాని ఒక్క సంగతి గమనించాలి. ఖరీదయినా సరే, తంతి పంపడానికి ఇంట్లో ఏ యంత్రమూ వుండనక్కరలేదు. చదువు కూడా రానక్కరలేదు. పోస్టాఫీసు దాకా నడిచి వెళితే చాలు. అక్కడ రాసిపెట్టేవాడు వున్నాడు, కొట్టేవాడు వున్నాడు, ఆ ఊళ్ళో ఇంటికి తీసుకువెళ్ళి చదివి వినిపించేవాడూ వున్నాడు. ఆ సర్వీసు 2013 జూలైలో మూతబడింది.

టెలిఫోను సంగతి అలా కాదు. 1882లో కలకత్తా, బొంబాయి, మద్రాసులలో ఎక్స్ఛేంజీలు పెట్టారు. అరవై అయిదేళ్ళ తరువాత, స్వాతంత్ర్యం వచ్చేనాటికి కూడా సుమారు 35 కోట్ల జనం వున్న దేశంలో వున్న ఫోనులు రమారమి 80 వేలు మాత్రమే. ఆ తరువాతనయినా పెద్ద మార్పేమీ రాలేదు. డబ్బు కట్టి, దరఖాస్తు పెట్టి ఏళ్ళ తరబడి ఎదురు చూడవలసిందే. 1991లో కూడా దేశం మొత్తానికి 50 లక్షల ఫోనులే. 1994లో కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన టెలికాం విధానంలో స్వయంగా ఒప్పుకున్న లెక్క ఏమిటంటే, ప్రపంచంలో సగటున నూటికి పది ఫోనులుంటే మన దేశంలో నూటికి ఒకటి కూడా లేదు, 0.8 మాత్రమే.

అలాంటి రోజుల్లో పేద, మధ్య తరగతి కుటుంబాలు ఏం చేశాయి? వీధిలో ఎవరో ఒకరి ఇంట్లో ఫోను వుండేది. ఆ నెంబరే వీధి మొత్తానికి నెంబరు. పెళ్ళి కార్డు మీద, దుకాణం బోర్డు మీద నెంబరు వేసి పక్కన పి.పి. అని రాసుకునేవారు. అంటే ఫోను మాది కాదు, పక్కవారిది, పిలిస్తే వస్తాము అని అర్థం. ట్రంకు కాలు బుక్ చేసి – ఆర్డినరీ అయితే సగం రోజు, అర్జెంటు అయితే కొంచెం ముందు, లైట్నింగు అయితే వెంటనే – కూర్చునేవాళ్ళం. “భాయ్, మీ తమ్ముడి ఫోను వచ్చింది” అని పక్కింటి పిల్లవాడు పరుగెత్తుకొచ్చి చెబితే చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తేవాళ్ళం. ఫోను గలవారికి విసుగు లేకపోలేదు. అయినా ఆ పిలుపు అనేది ఒకటి వుండేది.

టేపులో ఉత్తరం

1970ల నుంచి కరీంనగరు, నిజామాబాదు, కడప, హైదరాబాదు పాతనగరం వైపు నుంచి మనవాళ్ళు వేల సంఖ్యలో గల్ఫు దేశాలకు పనికి వెళ్ళడం మొదలయినది. వెళ్ళినవాడికి ఉత్తరం రాయడం వచ్చును. ఇంట్లో భార్యకు, తల్లికి చదవడం రాదు. ఉత్తరం వేరొకరి చేత చదివించుకుంటే లోపలి మాటలన్నీ వీధిన పడతాయి. అప్పుడు వారికి దొరికిన ఉపాయం క్యాసెట్టు. సెలవు మీద వచ్చేవాడు తెచ్చిన టేపు రికార్డరులో తల్లి మాట్లాడేది, పిల్లలు పాఠం అప్పజెప్పేవారు, భార్య అందరూ నిద్రపోయాక తన మాట చెప్పుకునేది. ఎవరో దుబాయి పోతుంటే ఆ క్యాసెట్టు సంచీలో పెట్టి పంపేవారు. పదిహేను రోజులకో, నెలకో అటు నుంచి ఇంకొక క్యాసెట్టు వచ్చేది.

ఇది చిన్న విషయమని అనుకోరాదు. చదువు రానివారు కొత్త యంత్రాన్ని చూసి భయపడతారు, వారికి అది పట్టుబడదు అని చాలామంది తేలికగా అంటూ వుంటారు. అది నిజం కాదని ఆ క్యాసెట్లే సాక్ష్యం. యంత్రం వారి భాషలో, వారి నోటి మాటను తీసుకునేదయితే అక్షరం రాని ఆడవాళ్ళు కూడా వారం రోజుల్లో దాన్ని తమ చేతిలోకి తెచ్చుకున్నారు. ఈనాడు అదే ఆడవాళ్ళు సెల్‌ఫోనులో మాట రికార్డు చేసి కొడుక్కి పంపుతున్నారంటే అందులో ఆశ్చర్యం లేదు. తేడా యల్లా, ఆనాటి క్యాసెట్టు మీద ఇంగ్లీషులో ఫారం నింపమని ఎవరూ అడగలేదు.

ఊరుమ్మడి టెలివిజను

1975 ఆగస్టు 1న మన దేశంలో ఒక పెద్ద ప్రయోగం మొదలయింది. దాని పేరు సైట్. అమెరికా వారి ఏ.టి.ఎస్.–6 అనే ఉపగ్రహాన్ని ఒక ఏడాదికి వాడుకుని, ఆరు రాష్ట్రాలలో సుమారు 2,400 పల్లెలకు టెలివిజను కార్యక్రమాలు అందించారు. అందులో మన ఆంధ్రప్రదేశ్ కూడా వున్నది. తెలుగులోనే వ్యవసాయం, ఆరోగ్యం, పిల్లల చదువు గురించి కార్యక్రమాలు వచ్చేవి. ఆనాటికి హైదరాబాదు నగరానికే ఇంకా టెలివిజను రాలేదు, 1977లో గాని రాలేదు. నగరంలోని పెద్దవారి కంటే ముందు కరెంటు కూడా సరిగా లేని పల్లెలలో జనం టెలివిజను చూశారన్నమాట! మన సాంకేతిక చరిత్రలో యిలా వరస తారుమారు కావడం బహు అరుదు.

అది ఎలా సాధ్యమయినది? ఇంటింటికీ టీవీ ఇవ్వలేదు. ఊరికొకటి, బడిలోనో పంచాయతీ ఆఫీసులోనో పెట్టారు. కోళ్ళ గంపలకు వాడే జాలీవంటి తీగె జాలీతో పది అడుగుల గొడుగు చేసి మీద నిలబెట్టారు. సెట్టు చూసుకోవడానికి ఊళ్ళో ఒక మనిషిని పెట్టారు, చెడిపోతే వచ్చి బాగుచేసే ఏర్పాటు చేశారు. సాయంత్రం అయ్యేసరికి పిల్లలు ముందు, ఆడవాళ్ళు ఒక పక్క, మగవాళ్ళు వెనక కూర్చునేవారు. ఏడాది తిరిగింది. 1976 జూలై 31తో ప్రయోగం ముగిసింది, ఉపగ్రహాన్ని అమెరికా వారు వెనక్కి తీసుకున్నారు. ఆ తరువాత టెలివిజను పెరిగింది గాని ఊరుమ్మడి సొత్తుగా పెరగలేదు. కొనుక్కోగలవాడి ఇంటి ముందు గదిలో పెరిగింది. పేద పిల్లలు కిటికీ చువ్వలు పట్టుకుని చూసినది ఆ రోజుల్లోనే.

పసుపుపచ్చ బోర్డు

టెలిఫోను విషయంలో పేదవానికి మొదటిసారి నిజంగా తలుపు తెరుచుకున్నది 1980ల చివరలో అని చెప్పవచ్చును. 1984లో ప్రభుత్వం సీ–డాట్ అనే సంస్థను పెట్టింది. శాం పిట్రోడా గారు అందులో ముఖ్యులు. మన ఎండలకు, దుమ్ముకు తట్టుకుని, ఏర్‌కండిషను లేకుండా పనిచేసే చిన్న ఎక్స్ఛేంజీని అక్కడి మన ఇంజనీర్లే తయారుచేశారు. అటువంటిది మొదట 1986లో కర్ణాటకలోని కిత్తూరులో పెట్టారు. ఆ తరువాత ఎస్.టి.డి., పి.సి.ఓ. బూతులు వీధి వీధికీ వచ్చాయి. లైసెన్సులు ఇవ్వడంలో వికలాంగులకు ప్రాధాన్యం ఇచ్చారు. దానితో ఎన్నో కుటుంబాలు బ్రతికాయి.

పసుపుపచ్చ బోర్డు, అద్దాల గది, ఎర్ర అంకెలు తిరిగే మీటరు – యివి గుర్తులేని వారుండరు. రాత్రి పొద్దుపోయాక రేటు తగ్గేది గనుక ఆ వేళకే లైను కట్టేవాళ్ళం. నెంబరు నొక్కడం రాకపోతే బూతు అబ్బాయే నొక్కి ఇచ్చేవాడు. “ఖాలా, రెండు నిమిషాలయింది, చాలా?” అని అద్దం మీద కొట్టి హెచ్చరించేవాడు. ఫోను కొనలేని మనిషి ఫోను వాడగలిగాడు, తాను మాట్లాడిన నిమిషాలకే డబ్బు కట్టాడు. 1997లో బంగ్లాదేశ్‌లో గ్రామీణ మహిళలకు అప్పు మీద సెల్‌ఫోను ఇప్పించి, వారు ఊరివాళ్ళకు నిమిషాల లెక్కన మాట్లాడించే పద్ధతి పెట్టి ప్రపంచమంతటా మెప్పు పొందారు. మన బూతుల సంగతి కూడా అదే. యంత్రం ఒకరిది, వాడుక పదిమందిది.

సైబర్ టవర్స్, ఈ–సేవ

1995 జూలై 31న కలకత్తాలో జ్యోతిబసు గారు కేంద్రమంత్రి సుఖ్‌రాం గారితో మాట్లాడడంతో మన దేశంలో సెల్‌ఫోను మొదలయింది. ఆనాడు నిమిషానికి పదహారు రూపాయల దాకా ఛార్జీ, అదీ వచ్చే కాలుకు కూడా. అదే ఏడాది ఆగస్టు 15న ఇంటర్నెట్టు వచ్చింది. అదీ వేల రూపాయలు పోయగలవారికే. 1998 నవంబరులో హైదరాబాదులో ప్రధాని వాజ్‌పేయి గారు సైబర్ టవర్స్ ప్రారంభించారు. ప్రపంచం దృష్టి మన నగరం మీద పడింది. మంచిదే. చదువుకున్న మన పిల్లలు ఎందరో అక్కడ ఉద్యోగాలు సంపాదించి కుటుంబాలను పైకి తెచ్చారు, కాదనము. కాని చార్మినారు నుంచి అక్కడికి మైళ్ళ దూరం కంటే చదువు దూరం ఎక్కువ. సచార్ కమిటీ 2006లో ఇచ్చిన నివేదికలో, 2001 జనాభా లెక్కల ప్రకారం దేశంలో అక్షరాస్యత నూటికి 65.1 వుంటే ముస్లింలలో 59.1 మాత్రమే అని తేల్చింది. అక్షరం దగ్గరే వెనకబడ్డవాడు కంప్యూటరు దగ్గర ముందుంటాడా?

అయినా ఆ రోజుల్లోనే ఒక మంచి పని జరిగింది. 1999 డిసెంబరులో జంటనగరాలలో ట్విన్స్ అనే పేరుతో ఒక కౌంటరు తెరిచారు. 2001 ఆగస్టులో అదే ఈ–సేవ అయింది. కరెంటు బిల్లుకొక లైను, నీళ్ళ బిల్లుకొక లైను, ఇంటిపన్నుకొక లైను కట్టి ఒక్కో పనికి ఒక్కో రోజు కూలీ పోగొట్టుకునే మనిషి, ఒక్కచోటనే అన్నీ కట్టేసి మధ్యాహ్నానికి పనిలోకి వెళ్ళగలిగాడు. 2011 నవంబరులో వచ్చిన మీ–సేవ కూడా ఆ దారిలోదే. కంప్యూటరు అక్కడా వున్నది. కాని కంప్యూటరు ముందు కూర్చున్నది కౌంటరులోని ఉద్యోగి. ఇటు నిలబడ్డవాడు తన భాషలో నోటితో చెప్పితే చాలును.

పెట్టె ఇస్తే చాలునా?

అదే కాలంలో ఇంకొక ఆలోచన కూడా బయలుదేరింది. మనిషితో పనిలేదు, పేదవాడికి యంత్రం చూపిస్తే వాడే నేర్చుకుంటాడు అని. 1999 జనవరి 26న ఢిల్లీలోని కాల్కాజీలో సుగతా మిత్రా గారు ఒక ప్రహరీ గోడకు కన్నం చేసి మురికివాడ పిల్లలకు అందేలా కంప్యూటరు పెట్టారు. పిల్లలు కొద్ది రోజుల్లోనే దాన్ని వాడడం పట్టేశారు. పేద పిల్లల తెలివికి అది గొప్ప నిదర్శనం. అయితే తరువాత ఉత్తరాఖండులో అలా పెట్టిన రెండు చోట్ల అవి నిలవక మూతబడ్డాయని ఒక పరిశోధకురాలు 2010లో రాశారు. చూసుకునేవారు లేని చోట యంత్రం నిలవడం కష్టం. 2011 అక్టోబరు 5న ఆకాశ్ అనే చవక టాబ్లెట్టును ఢిల్లీలో ఆర్భాటంగా విడుదల చేశారు. ప్రభుత్వానికి రెండు వేల పైచిలుకు రూపాయలకు పడుతుందన్నారు. బాటరీ నిలవక, తెర సరిగా పనిచేయక మొదటి విడతకే పేరు పోగొట్టుకుంది. ఇస్తే తప్పని ఎవరూ అనరు. ఇచ్చి ఊరుకుంటే మాత్రం అది అలమరలో చేరుతుంది.

చవక అయింది, దూరమూ అయింది

ఇక సెల్‌ఫోను చవక అయిన కథ మన కళ్ళ ముందే జరిగినది. 2003లో వచ్చే కాలుకు డబ్బు లేకుండా పోయింది. పది రూపాయల రీఛార్జి వచ్చింది. అదీ లేనివాడు మిస్డ్ కాల్ కనిపెట్టాడు. ఒకసారి మోగితే “చేరాను”, రెండుసార్లు మోగితే “నువ్వే చేయి” అని అర్థం. పైసా ఖర్చు లేకుండా కబురందించే యీ విద్య పేదవాడి బుర్ర నుంచి పుట్టిందే. 2016 సెప్టెంబరు తరువాత డేటా ధరలు కూడా అమాంతం పడిపోయాయి. అందరి చేతిలో ఫోను, ఇక తేడా ఎక్కడుంది అనుకున్నారు పెద్దలు.

లెక్కలు చూద్దాము. 2011 జనాభా లెక్కలలో దేశంలోని కుటుంబాలలో నూటికి 63.2 ఇళ్ళకు ఏదో ఒక ఫోను వున్నది. ఇంటర్నెట్టు వున్న కంప్యూటరు మాత్రం నూటికి 3.1 ఇళ్ళలోనే. 2017–18లో జాతీయ నమూనా సర్వే వారు చూస్తే, పల్లెల్లో నూటికి 4.4 ఇళ్ళకు, పట్టణాల్లో 23.4 ఇళ్ళకు కంప్యూటరు. ఇంటర్నెట్టు సౌకర్యం పల్లెల్లో 14.9, పట్టణాల్లో 42 ఇళ్ళకు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఎప్పుడయినా ఒక్కసారి ఇంటర్నెట్టు వాడిన మగవారు నూటికి 57.1, ఆడవారు 33.3. మన ఆంధ్రప్రదేశ్‌లో ఆడవారి లెక్క ఇంకా తక్కువ, 21 మాత్రమే. అంటే ఇంట్లో ఫోను వున్నా అది ఎవరి జేబులో వున్నదన్నదే ప్రశ్న. తండ్రి జేబులోదో, అన్న జేబులోదో అయితే ఆడపిల్లకు అది లేనట్టే. ఈ తప్పు ప్రభుత్వానిది కాదు, మన ఇళ్ళలోనిది. దాన్ని మనమే దిద్దుకోవాలి.

ఇక్కడే ఒక విచిత్రం జరిగినది. ఫోను చవక అయిన కొద్దీ ఉమ్మడి చోట్లు ఒక్కొక్కటే మూతబడ్డాయి. ఎస్.టి.డి. బూతులో జిరాక్సు మెషీను వచ్చి కూర్చున్నది. నెట్ సెంటర్లు తగ్గిపోయాయి. ఆఫీసుకు వెళితే “ఆన్‌లైన్‌లో పెట్టుకోండి” అంటున్నారు. యంత్రాన్ని నడిపే పని, దాని ఖర్చు, అది తప్పితే వచ్చే నష్టం – అన్నీ కౌంటరు లోపలి నుంచి కౌంటరు బయటి మనిషి నెత్తి మీదకు వచ్చాయి. గలవాడికి అది సౌకర్యం. లేనివాడికి బరువు.

కరోనా రోజులు

ఈ సంగతి 2020లో ఎవరూ దాచలేనంతగా బయటపడింది. మార్చిలో బడులు మూశారు. ప్రయివేటు బడుల పిల్లలు ఫోనుల్లో క్లాసులు విన్నారు. తెలంగాణలో ప్రభుత్వ బడుల పిల్లలకు 2020 సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీ–శాట్ ఛానళ్ళ ద్వారా పాఠాలు చెప్పారు. టీవీని ఆశ్రయించడం మంచి ఆలోచనే, సైట్ ప్రయోగం జ్ఞాపకం వచ్చినది. అయితే 1975లో పల్లె పిల్లలు బడిలో కలిసి కూర్చుని చూశారు, పక్కన మాస్టారు వున్నారు. 2020లో ఎవరి ఇంట్లో వారే చూడాలి. అదీ ఒక గది ఇంట్లో, కుట్టుమిషను చప్పుడులో, కరెంటు వున్నప్పుడు. ముగ్గురు పిల్లలకు ఒక ఫోను వుండి, అది తీసుకుని తండ్రి ఆటో నడపడానికి పోతే చదువు ఎవరిది? మా బస్తీలో ఆ రెండేళ్ళలో బడి మానిన మగపిల్లలు మెకానిక్ షాపుల్లో చేరారు. ఆడపిల్లలు కొందరికి నిఖా అయిపోయింది. వారిలో ఎక్కువ మంది మళ్ళీ బడి ముఖం చూడలేదు.

2021 మే 1 నుంచి పద్ధెనిమిది దాటి నలభై అయిదు లోపు వారికి టీకా కావాలంటే ముందుగా కోవిన్‌లో పేరు నమోదు చేసుకోవాలన్నారు. మొదట్లో అందులో తెలుగు కూడా లేదు. ఇంగ్లీషు వచ్చి, వేగంగా వేలు కదిపేవాడికి స్లాటు దొరికింది. రోజూ పదిమంది ఇళ్ళల్లో పనిచేసే మనిషికి దొరకలేదు. మే 31న సుప్రీంకోర్టు యీ డిజిటల్ తేడా గురించి కేంద్రాన్ని గట్టిగా నిలదీసింది. జూన్‌లో తెలుగుతో సహా ప్రాంతీయ భాషలు చేర్చారు, నేరుగా వెళ్ళి పేరు రాయించుకునే పద్ధతీ అంతటా వచ్చింది. మనిషి కూర్చుని రాసుకునే బల్ల తిరిగి రాగానే మన బస్తీల్లో టీకా లైన్లు పెరిగిన సంగతి మేము చూశాము.

వేలిముద్ర, ఓటీపీ

రేషను షాపుల్లో వేలిముద్ర మెషీన్లు మన ఆంధ్రప్రదేశ్‌లో 2015 నుంచి వచ్చాయి. దొంగ కార్డులు పోయాయి, ఏ షాపులోనయినా సరుకు తీసుకోవచ్చును, నిజమే. కాని మొదట మేము చెప్పిన పెద్దావిడ వంటివారి మాటేమిటి? సున్నం పని, సిమెంటు పని, బట్టలుతికే పని, బీడీ పని చేసేవారి వేళ్ళే అరిగేది. మెషీను ఒప్పుకోలేదన్న కారణంతో రేషను నిరాకరించరాదని 2017 అక్టోబరు 24న కేంద్ర ఆహార శాఖ రాష్ట్రాలకు రాసింది. 2018 సెప్టెంబరు 26 నాటి ఆధార్ తీర్పులో సుప్రీంకోర్టు కూడా, వేలిముద్ర కలవలేదని అర్హులను కాదనకూడదన్న మాటను పట్టించుకున్నది. ఆ సంగతి డీలరుకు తెలియదు, ఆవిడకూ తెలియదు. మేము చెప్పాక చిట్టీలో రాయించి బియ్యం ఇప్పించగలిగాము.

ఓటీపీ సంగతి మరొకటి. ఆధార్‌కు కలిపిన ఫోను నెంబరు బ్రతికి వుండాలి. నెల నెలా రీఛార్జి చేయలేక నెంబరు పోగొట్టుకున్నవాడికి కొన్నాళ్ళకు ఆ నెంబరు వేరెవరికో ఇచ్చేస్తారు. వాడి ఓటీపీ ఎవరికో పోతుంది. మైనారిటీ స్కాలర్‌షిప్పుల దరఖాస్తు 2015 నుంచి జాతీయ పోర్టలులోకి మారింది. ఇన్‌కం సర్టిఫికెట్టులో ఒక అక్షరం, ఆధార్‌లో ఒక అక్షరం, బ్యాంకు బుక్కులో ఇంకొక అక్షరం – షేక్, షైక్ – యింత తేడాకు ఎన్ని దరఖాస్తులు పోయాయో మన పిల్లల తల్లిదండ్రులకు తెలుసును. ఒకటి నుంచి ఎనిమిదవ తరగతి వరకు ప్రీమెట్రిక్ స్కాలర్‌షిప్పునే 2022–23 నుంచి నిలిపివేయడం వేరే బాధ. వున్నవాటినయినా తప్పులు లేకుండా పెట్టించడం మన చేతిలో పని.

చట్టం ఏమంటున్నది?

కోర్టులు కొంత ముందుకు వచ్చాయి. హాస్టలులో ఆడపిల్లలు రాత్రివేళ ఫోను వాడరాదన్న నిబంధనను ఎదిరించిన ఒక డిగ్రీ విద్యార్థిని కేసులో, ఇంటర్నెట్టు అందుబాటు చదువుకునే హక్కులో భాగమని కేరళ హైకోర్టు 2019 సెప్టెంబరులో తీర్పు చెప్పింది. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు, అంధులు, యాసిడ్ దాడికి గురయినవారు పెట్టుకున్న కేసుల్లో, డిజిటల్ సేవల అందుబాటు రాజ్యాంగం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమని చెప్పి, కె.వై.సి. పద్ధతులు అందరికీ వీలుగా మార్చమని ఆదేశించింది. కన్ను ఆర్పి తెరవలేని మనిషిని కెమెరా ముందు కన్ను ఆర్పమంటే ఎలా? మా బస్తీ పెద్దావిడ అడిగినదీ అదే ప్రశ్న కదా.

మన పని

ఇంత చరిత్ర చూశాక మాకు తేలినది ఒక్కటే. పేదవాడికి యంత్రం అందినది దాని ధర తగ్గినప్పుడు కాదు. దాన్ని పదిమంది వచ్చే చోట పెట్టి, పక్కన వారి భాష మాట్లాడే ఒక మనిషి కూర్చున్నప్పుడు. పోస్టాఫీసు, పక్కింటి పి.పి. ఫోను, సైట్ టీవీ, ఎస్.టి.డి. బూతు, ఈ–సేవ – అన్నింటిలో వున్న రహస్యం ఇదే. ఆ చోటు, ఆ మనిషి లేకుండా పోయినప్పుడల్లా, యంత్రం ఎంత చవకయినా పేదవాడు బయటనే మిగిలాడు.

కాబట్టి ప్రభుత్వాన్ని మనం అడగవలసినది ఉచితంగా ఫోను ఇమ్మని కాదు. ప్రతి ఆన్‌లైన్ పనికీ ఒక కౌంటరు వుంచమని, మెషీను ఒప్పుకోనప్పుడు కాగితం మీద చేసే దారి మూయవద్దని, తెలుగులో, ఉర్దూలో చెప్పమని. ఇది దయ కాదు, హక్కు.

మనం చేయవలసినది కూడా వున్నది. ప్రతి మొహల్లాలో వారానికి రెండు సాయంత్రాలు ఒక బల్ల, ఒక కంప్యూటరు, ఒక చదువుకున్న పిల్లవాడు లేక పిల్ల – యింత మాత్రం మనకు చేతకాని పని కాదు. స్కాలర్‌షిప్పు దరఖాస్తు పెట్టడం, పేరులో అక్షరం దిద్దించడం, పింఛను ఆగితే ఎక్కడ చెప్పాలో చెప్పడం, పాస్‌వర్డు, ఓటీపీ ఎవరికీ చెప్పవద్దని హెచ్చరించడం – యివే పనులు. ఆడవాళ్ళు జంకు లేకుండా రావాలంటే ఆడపిల్లలే కూర్చునే వేళ ఒకటి వుండాలి. ఇంట్లో ఫోను వున్న తండ్రులు, అన్నలు రోజుకు ఒక గంట దాన్ని ఆడపిల్ల చేతిలో పెట్టాలి.

ఒకప్పుడు పక్కింటి వారి ఫోను మోగితే మన కోసం పిల్లవాడు పరుగెత్తుకు వచ్చేవాడు. ఈనాడు ఫోను మన చేతిలో వున్నది. ఇప్పుడు పరుగెత్తవలసిన వంతు మనది. చదువుకున్న యువతీ యువకులు తమ పేర్లు సంఘం ఆఫీసులో రాయించవలసినదిగా కోరుతున్నాము.